డిగ్రీ పక్కన హెర్ట్జ్ రాయండి: రెండు సిగ్నళ్ల మధ్య ఫేజ్ కొలిచే పద్ధతి

నా పాత ల్యాబ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ మధ్యలో "62 డిగ్రీలు" అని రాసి, దాని చుట్టూ పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టి ఉంది. అంత గట్టిగా చుట్టానంటే ఆ రోజు అది నాకు పెద్ద విషయమే అయి ఉంటుంది. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర 62 వచ్చిందో మాత్రం రాయలేదు. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఆ అంకె ఎందుకూ కొరగాదు.

తర్వాత ల్యాబ్‌లో పిల్లలకు చెప్పే వంతు నాకొచ్చింది. ఇదే తప్పు ప్రతి ఏడూ చూశాను. "మేడమ్, ఫేజ్ 40 వచ్చింది" అంటారు. "ఎన్ని హెర్ట్జ్ దగ్గర?" అంటే నా ముఖం చూస్తారు, ఆ తర్వాత సిగ్నల్ పుట్టించే జనరేటర్ వైపు చూస్తారు. అప్పటికే పక్కవాడెవడో నాబ్ తిప్పేసి ఉంటాడు. మళ్లీ మొదటి నుంచి.

రెండు సిగ్నళ్ల మధ్య ఫేజ్ ఎలా కొలవాలి, ఫ్రీక్వెన్సీ మారితే అది ఎందుకు మారుతుంది, మారే తీరు చూసి మధ్యలో ఏముందో ఎలా కనిపెట్టాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను. పాఠ్యపుస్తకాల్లో వీటిని దశ, పౌనఃపున్యం అంటారు. పని చేసేటప్పుడు నోటికి వచ్చేది ఫేజ్, ఫ్రీక్వెన్సీయే కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

ముందు చక్రాన్ని ఊహించుకోండి

సైన్ తరంగం అనగానే మనకు వంపులు తిరిగిన గీత గుర్తొస్తుంది. ఆ గీతను కాసేపు పక్కన పెట్టి, తిరిగే చక్రాన్ని తలుచుకోండి. చక్రం అంచు మీద ఒక సున్నపు చుక్క ఉంది. ఆ చుక్క ఎంత ఎత్తులో ఉందో క్షణక్షణం కాగితం మీద గుర్తు పెడుతూ పోతే వచ్చేదే సైన్ తరంగం. ఈ క్షణాన చుక్క ఎక్కడుందో చెప్పే కోణం ఫేజ్. సెకనుకు చక్రం ఎన్ని చుట్లు తిరుగుతోందో అది ఫ్రీక్వెన్సీ. ఒకటి ఉన్న చోటు, రెండోది పరుగు. 50 హెర్ట్జ్ అంటే సెకనుకు 50 చుట్లు, అంటే ఫేజ్ సెకనుకు 18,000 డిగ్రీలు పరిగెడుతోందన్నమాట. రేడియన్లలో చెబితే సెకనుకు సుమారు 314. చక్రం నిలకడగా తిరుగుతున్నంత సేపూ ఎప్పుడు చూసినా ఫేజ్ ఇంత వేగంతోనే పెరుగుతుంది. ఆ పెరిగే వేగాన్ని 360తో భాగిస్తే వచ్చేదే ఫ్రీక్వెన్సీ, ఇంకేమీ కాదు.

ఇప్పుడు రెండు చక్రాలు పెట్టండి. రెండూ ఒకే వేగంతో తిరుగుతూ, ఒకదాని చుక్క రెండోదాని కంటే 40 డిగ్రీలు వెనకబడి ఉంటే, గంట తర్వాత చూసినా ఆ ఎడం 40 డిగ్రీలే. అలాంటప్పుడే "ఈ రెండింటి మధ్య ఫేజ్ తేడా ఇంత" అని అనగలం. ఒకటి 440 హెర్ట్జ్, ఇంకోటి 442 హెర్ట్జ్ అయితే? ఎడం సెకనుకు 720 డిగ్రీల చొప్పున పెరుగుతూనే ఉంటుంది. సెకనుకు రెండుసార్లు కలుస్తాయి, రెండుసార్లు విడిపోతాయి. రెండు తీగలు కొద్దిగా శ్రుతి తప్పినప్పుడు చెవికి వినిపించే ఆ ఊగిసలాట ఇదే. వీటి మధ్య ఫేజ్ ఎంత అని అడిగితే, ఏ క్షణాన అని ఎదురు అడగాలి. కాబట్టి కొలతకు కూర్చునే ముందు మొట్టమొదటి పని, రెండు సిగ్నళ్లూ ఒకే మూలం నుంచి వస్తున్నాయో లేదో చూసుకోవడం. రెండు వేర్వేరు జనరేటర్లు పెట్టి, రెండింటి మీదా 1000 అని కనిపిస్తోంది కదా అని ఫేజ్ కొలవబోతే, కొలిచే పరికరం తెర మీద ఒక గీత నిలబడి రెండోది మెల్లగా జారిపోతూ ఉంటుంది. డయల్ మీద ఒకే అంకె ఉన్నంత మాత్రాన రెండూ ఒకే ఫ్రీక్వెన్సీ అనుకోకండి.

గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే

డిగ్రీలు = 360 × ఫ్రీక్వెన్సీ × ఆలస్యం. ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లో, ఆలస్యం సెకన్లలో.

దీని మీద కాస్త కూర్చోవాలి, ఎందుకంటే తికమక అంతా ఇక్కడే పుడుతుంది. ఒక సిగ్నల్ రెండోదాని కంటే 1 మిల్లీసెకను ఆలస్యంగా వస్తోందనుకోండి. 100 హెర్ట్జ్ దగ్గర ఆ ఆలస్యం 36 డిగ్రీలు. 250 దగ్గర 90. 500 దగ్గర 180, అంటే ఒకటి పైకి పోతుంటే ఇంకోటి కిందికి పోతుంది. 1000 హెర్ట్జ్ దగ్గర నిండు 360, అంటే మళ్లీ రెండూ కలిసినట్టే కనిపిస్తాయి. ఆలస్యం మారలేదు, వైర్లు కదల్లేదు, ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ఫ్రీక్వెన్సీ ఒక్కటి మారింది, డిగ్రీలు ఎక్కడి నుంచి ఎక్కడికో పోయాయి.

తిరగేసి చూసినా అంతే. మూడు ఫేజుల కరెంటులో ఫేజుకీ ఫేజుకీ 120 డిగ్రీల ఎడం. 50 హెర్ట్జ్ సరఫరాలో అది 6.67 మిల్లీసెకన్లు, 60 హెర్ట్జ్‌లో 5.56 మిల్లీసెకన్లు. కోణం ఒకటే, కాలం వేరు. కేబుల్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మామూలు కోయాక్సియల్ కేబుల్‌లో మీటరు దూరం దాటడానికి సిగ్నల్‌కి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర దీన్ని డిగ్రీల్లోకి మారిస్తే 0.0018, ఎవరికీ పట్టదు. అదే కేబుల్ 10 మెగాహెర్ట్జ్ దగ్గర 18 డిగ్రీలు తినేస్తుంది. ఆడియో పని చేసేవాళ్లు రెండు చానళ్లకు చేతికి దొరికిన కేబుళ్లు తగిలించినా నడుస్తుంది. రేడియో పని చేసేవాళ్లు మాత్రం పొడవులు సరిచూసుకునే కూర్చుంటారు.

స్కోప్ మీద కొలవడం

రెండు చానళ్ల ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ని తెర మీద గీసి చూపే పరికరం, పొట్టిగా స్కోప్) ఉంటే ఇది పది నిమిషాల పని. సర్క్యూట్ లోపలికి వెళ్లే సిగ్నల్‌ని మొదటి చానల్‌కి, బయటికి వచ్చేదాన్ని రెండో చానల్‌కి ఇవ్వండి. ట్రిగ్గర్‌ని, అంటే తెర మీద గీత ఏ క్షణాన మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్‌ని, మొదటి చానల్ మీదే పెట్టండి, అక్కడి నుంచి కదపకండి.

గ్రౌండ్ క్లిప్పుల గురించి ఒక మాట. చాలా స్కోపుల్లో రెండు ప్రోబుల (సిగ్నల్‌ని స్కోప్‌కి తెచ్చే తీగల) గ్రౌండ్లూ లోపల కలిసే ఉంటాయి, అవి ఎర్త్‌కి కూడా కలిసి ఉంటాయి. రెండు క్లిప్పులూ ఒకే చోట, సర్క్యూట్ గ్రౌండ్ మీదే పెట్టాలి. రెండో క్లిప్పు తీసుకెళ్లి మధ్యలో ఎక్కడో తగిలిస్తే అక్కడున్న భాగం షార్ట్ అవుతుంది. "రెసిస్టర్ మీద ఓల్టేజీ చూద్దాం" అని సరదాపడి ఈ పని చేసి, అవుట్‌పుట్ మొత్తం మాయమైతే కెపాసిటర్ పాడైందనుకుని రెండు కెపాసిటర్లు మార్చాను నేను. మెయిన్స్ కరెంటు మీద ఈ సరదా అసలు పనికిరాదు. దానికి ఐసొలేషన్ ఉన్న ప్రత్యేకమైన ప్రోబులు ఉంటాయి.

సర్క్యూట్ పెట్టే ముందే రెండు ప్రోబులనూ ఒకే బిందువు మీద పెట్టి చూడండి. తేడా సున్నా రావాలి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, నేనూ వదిలేశాను. ఒకసారి 20 హెర్ట్జ్ దగ్గర ఒక యాంప్లిఫయర్‌ని కొలుస్తుంటే 19 డిగ్రీలు ముందుకు చూపించింది. సాయంత్రం దాకా ఆ యాంప్లిఫయర్‌తో కుస్తీ పట్టాను. చివరికి విసుగొచ్చి దాన్ని తీసేసి, ఉత్త వైరు పెట్టాను. ఉత్త వైరు కూడా 19 డిగ్రీలు చూపించింది! మొదటి చానల్ డీసీ కప్లింగ్‌లో, అంటే సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు తీసుకునే సెట్టింగ్‌లో ఉంది, రెండోది ఏసీ కప్లింగ్‌లో ఉంది. ఏసీ కప్లింగ్ అంటే దారిలో ఒక కెపాసిటర్ కూర్చుందని అర్థం, అది తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపుతూ ఫేజ్‌ని ముందుకు తోస్తుంది. 19 డిగ్రీల నుంచి వెనక్కి లెక్క కడితే ఆ ఇన్‌పుట్ సుమారు 7 హెర్ట్జ్ దగ్గర కోత మొదలుపెడుతోందని తేలింది. అదే తప్పు 1 కిలోహెర్ట్జ్ దగ్గర చేసి ఉంటే తేడా 0.4 డిగ్రీలు, నాకు తెలిసేది కూడా కాదు. కాబట్టి రెండు చానళ్లూ డీసీలోనే పెట్టండి. కుదరకపోతే రెండూ ఏసీలో పెట్టండి, అప్పుడు రెండింటి తప్పూ దాదాపు ఒకటే కాబట్టి పోతుంది. ఒకటి అటూ ఒకటి ఇటూ మాత్రం వద్దు.

ఇక కొలత. రెండు తరంగాల మధ్య గీతలనూ తెర మీద ఒకే అడ్డగీత మీదికి తెచ్చి, రెండింటినీ ఇంచుమించు ఒకే ఎత్తుకు పెంచండి. మొదటి తరంగం కింది నుంచి పైకి వస్తూ మధ్య గీతను ఎక్కడ దాటుతోందో చూడండి. రెండోది కూడా కింది నుంచి పైకే వస్తూ ఎక్కడ దాటుతోందో చూడండి. ఈ రెంటి మధ్య ఎడం ఆలస్యం. శిఖరం నుంచి శిఖరానికి కొలవకండి. శిఖరం దగ్గర గీత దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి అసలైన కొన ఎక్కడో కంటికి ఆనదు. మధ్య గీతను దాటేచోట తరంగం నిటారుగా ఉంటుంది, అక్కడ తప్పు తక్కువ. అయితే సిగ్నల్‌లో డీసీ కొంచెం కలిసి ఉంటే దాటే చోటు జరుగుతుంది. అందుకని పైకి వెళ్లేటప్పుడు ఒకసారి, కిందికి వచ్చేటప్పుడు ఒకసారి కొలిచి సగటు తీస్తాను.

ఉదాహరణకి ఒక ఆవృత్తి, అంటే చక్రం తిరిగే ఒక చుట్టు, 1 మిల్లీసెకను, ఎడం 125 మైక్రోసెకన్లు అనుకుందాం. 125ను 1000తో భాగించి 360తో గుణిస్తే 45 డిగ్రీలు. ఆవృత్తి కాలం కూడా తెర మీదే కొలవండి, పాత జనరేటర్ల నాబ్ మీద అచ్చు వేసిన అంకెల్ని నమ్మకండి. గుణకారం విసుగనిపించేవాళ్లకు పాత స్కోపుల్లో ఒక చిట్కా ఉంది. టైమ్‌బేస్ (ఒక గడికి ఎంత కాలమో పెట్టే నాబ్) పక్కనున్న చిన్న నాబ్‌ని తిప్పి, సగం ఆవృత్తి సరిగ్గా 9 గళ్లలో పట్టేలా చేయండి. అప్పుడు ఒక్కో గడి 20 డిగ్రీలు. ఎడం ఎన్ని గళ్లో చూసి నేరుగా చదివేయొచ్చు.

ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర ప్రతి బ్యాచ్‌లోనూ తగువే. తెర మీద కుడి వైపున ఉన్నది "ముందుకు జరిగినట్టు" కనబడుతుంది కాబట్టి అదే ముందు అనుకుంటారు. తెర మీద కాలం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. ఎడమన ఉన్నది ముందు జరిగింది. కుడి వైపున ఉన్నది ఆలస్యంగా వచ్చింది, దానికి మైనస్ గుర్తు. ఇదొక్కటి అట్ట ముక్క మీద రాసి స్కోప్‌కి అంటించాను.

పాత అనలాగ్ స్కోప్ అయితే ఇంకో గోతి ఉంది. ట్రిగ్గర్‌ని ఒకసారి మొదటి చానల్ నుంచి, ఒకసారి రెండో చానల్ నుంచి మార్చి మార్చి తీసుకునే సెట్టింగ్ ఒకటి వాటిలో ఉంటుంది. అందులో రెండు తరంగాలూ తమ తమ చోట మొదలైనట్టు చూపిస్తాయి, ఎంత ఫేజ్ ఉన్నా తేడా సున్నాలాగే కనిపిస్తుంది. ఫలితం మరీ బాగుంటే అనుమానించండి, ఆ స్విచ్ చూడండి.

దీర్ఘవృత్తం పద్ధతి

స్కోప్‌ని ఎక్స్-వై పద్ధతిలో, అంటే ఒక సిగ్నల్ చుక్కను అడ్డంగా, రెండోది నిలువుగా కదిపేలా పెడితే రెండు తరంగాలూ కలిసి ఒక బొమ్మ గీస్తాయి. తేడా సున్నా అయితే ఏటవాలు గీత, 90 అయితే (రెండింటి ఎత్తూ సమానమైతే) వృత్తం, మధ్యలో దీర్ఘవృత్తం. 1857లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త జూల్ లిసాజు ట్యూనింగ్ ఫోర్కులకు చిన్న అద్దాలు అమర్చి, వాటి మీద కాంతి పడేలా చేసి గోడ మీద ఇలాంటి బొమ్మలే చూశాడు. లెక్క సులువు. నిట్టనిలువు మధ్య గీతను బొమ్మ రెండు చోట్ల కోస్తుంది. ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని బొమ్మ మొత్తం ఎత్తుతో భాగిస్తే వచ్చేది ఆ కోణానికి సైన్. 3 గళ్లు, 6 గళ్లు అయితే సగం, అంటే 30 డిగ్రీలు. బొమ్మ ఎడమ వైపుకు వాలి ఉంటే 30 కాదు, 150. ఏది ముందో ఏది వెనకో ఈ బొమ్మ చెప్పదు. అందుకే నేను దీన్ని కొలతకు పెద్దగా వాడను.

కానీ ఫ్రీక్వెన్సీలను పోల్చడానికి దీన్ని మించింది లేదు. రెండు జనరేటర్లను ఇలా తగిలించి, ఒకదాన్ని మెల్లగా తిప్పుతూ పోండి. దగ్గర పడేకొద్దీ దీర్ఘవృత్తం మెల్లగా దొర్లుతుంది. గీత నుంచి వృత్తంగా విచ్చుకుని, అటు వాలి, తిరిగి అదే గీత కావడానికి 10 సెకన్లు పట్టిందంటే, ఫేజ్ 360 డిగ్రీలు తిరగడానికి 10 సెకన్లు పట్టిందన్నమాట. అంటే రెండింటి తేడా 0.1 హెర్ట్జ్. చక్రం బొమ్మతో మొదలుపెట్టినప్పుడు "ఫ్రీక్వెన్సీ అంటే ఫేజ్ పరిగెత్తే వేగం" అన్నమాట నమ్మకం కుదరనివాళ్లు ఇది ఒకసారి కళ్లారా చూడాలి.

స్కోప్ లేకపోతే

లైన్-ఇన్ ఉన్న స్టీరియో సౌండ్‌కార్డు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ఎడమ చానల్‌కి ఇన్‌పుట్, కుడి చానల్‌కి అవుట్‌పుట్ ఇచ్చి రికార్డు చేసి, బాగా పెద్దది చేసి చూడండి. సౌండ్‌కార్డు సిగ్నల్ ఎత్తును విడివిడి క్షణాల్లో కొలిచి రాసుకుంటుంది, ఒక్కో కొలత ఒక శాంపిల్. సెకనుకు 48,000 శాంపిళ్లయితే శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య 20.8 మైక్రోసెకన్లు. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఇది 7.5 డిగ్రీలు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్క శాంపిల్ 75 డిగ్రీలు, అక్కడ కంటితో చదివిన అంకెకు విలువ లేదు. చుట్టుపక్కల శాంపిళ్ల నుంచి సున్నా దాటే చోటు లెక్క కట్టాలి, లేదా సాఫ్ట్‌వేర్ చేత మొత్తం రికార్డింగుకి సైన్ తరంగాన్ని సరిపెట్టించాలి. ఇక్కడ కూడా ముందు రెండు చానళ్లకూ ఒకే సిగ్నల్ ఇచ్చి సున్నా చూసుకోండి. పవర్ యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని నేరుగా సౌండ్‌కార్డుకి ఇవ్వకండి.

ఒక్క ఫ్రీక్వెన్సీతో ఆగిపోకండి

ఇంతవరకూ చెప్పింది కొలత. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

ఒకసారి ఒక హాలులో సబ్‌వూఫర్, మెయిన్ స్పీకర్లు కలిసి మోగుతుంటే బేస్ సన్నగా వస్తోందని నన్ను పిలిచారు. క్రాసోవర్, అంటే సబ్‌వూఫర్ వదిలి మెయిన్ స్పీకర్లు అందుకునే ఫ్రీక్వెన్సీ, 80 హెర్ట్జ్. అక్కడ కొలిస్తే రెండింటి మధ్య ఇంచుమించు 180 డిగ్రీలు. "ఓస్, ఇంతేనా" అనుకుని సౌండ్ మిక్సర్ మీద సున్నాకి అడ్డగీత గుర్తున్న బటన్ నొక్కాను. 80 దగ్గర బేస్ దద్దరిల్లింది. అందరూ సంతోషించారు, నేను కూడా. అరగంట తర్వాత పాట మారింది, ఈసారి వేరే స్వరం దగ్గర గొయ్యి పడింది. 140 దగ్గర ముందు పర్వాలేదు అన్నట్టుండేది కాస్తా ఇప్పుడు పాడైంది.

జరిగింది ఏమిటంటే, సబ్‌వూఫర్ శబ్దం ఆలస్యంగా వస్తోంది. దాని దారి పొడవు, లోపలి ఫిల్టర్లు అన్నీ కలిపి సుమారు 6 మిల్లీసెకన్లు. 80 హెర్ట్జ్ దగ్గర అది 173 డిగ్రీలు, అందుకే నాకు 180లా కనిపించింది. 50 దగ్గర అదే 6 మిల్లీసెకన్లు 108 డిగ్రీలే. నేను నొక్కిన బటన్ ఫేజ్‌ని జరపదు, సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది. అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా కచ్చితంగా 180. కాబట్టి 80 దగ్గర తప్పు పోయింది, 50 దగ్గర 108 ఉన్నది 72 డిగ్రీలు అటువైపుకి తిరిగింది, 100 దగ్గర 216 కాస్తా 36 అయింది, ఆ పైన 140 దగ్గర 302 ఉన్నది 122 అయి మునిగింది. వాళ్లకు కావాల్సింది బటన్ కాదు, మెయిన్ స్పీకర్లకు 6 మిల్లీసెకన్ల డిలే. ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర కొలిచి మందు వేసేశాను, అదీ నా తప్పు.

రెండు సమానమైన తరంగాలు కలిసినప్పుడు ఏమవుతుందో ఈ అంకెలు గుర్తుంటే చాలు. తేడా సున్నా అయితే రెట్టింపు. 90 అయితే 1.41 రెట్లు. 120 దగ్గర ఒక్కటి మోగినంతే, రెండోది ఉన్నా లేనట్టే. 120 దాటితే నష్టం, 180 దగ్గర ఏమీ మిగలదు.

కాబట్టి పద్ధతి ఇది. కనీసం ఆరేడు ఫ్రీక్వెన్సీల దగ్గర ఫేజ్ కొలవండి. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా డిగ్రీలు పెట్టి చుక్కలు గీయండి. ఇప్పుడు చూడాల్సింది ఏ ఒక్క చుక్కనూ కాదు, చుక్కలన్నీ కలిసి ఏ దారిన పోతున్నాయో.

అన్నీ 180 మీదే అడ్డంగా నిలబడితే, ఎక్కడో వైర్లు తిరగబడ్డాయి. వెళ్లి ప్లస్, మైనస్ చూసుకోండి.

సున్నా నుంచి మొదలై తిన్నగా కిందికి జారే గీత అయితే అది ఆలస్యం. ఎంత ఆలస్యమో వాలు చెబుతుంది. 1000 హెర్ట్జ్‌కి 360 డిగ్రీలు జారితే 1 మిల్లీసెకను. శబ్దం విషయంలోనైతే దాన్నే దూరంగా కూడా చదవొచ్చు. 20 డిగ్రీల సెల్సియస్ గాలిలో శబ్ద వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, కాబట్టి 1 మిల్లీసెకను అంటే 34.3 సెంటీమీటర్లు. రెండు మైకుల మధ్య దూరం టేపు లేకుండా ఇలా కొలిచి పందెం గెలిచాను ఒకసారి. గీతను వెనక్కి పొడిగిస్తే సున్నా హెర్ట్జ్ దగ్గర 180ని తాకుతోందా? అయితే ఆలస్యమూ ఉంది, వైరూ తిరగబడింది, రెండు రోగాలూ కలిసి ఉన్నాయి.

ఇక్కడ ఒక చిక్కు. స్కోప్ కాని, సాఫ్ట్‌వేర్ కాని 360 దాటిన చుట్లను లెక్కపెట్టవు. 370ని 10 అంటాయి, 540ని 180 అంటాయి. అందువల్ల తిన్నని గీత కాస్తా రంపపు పళ్లలా తెగి తెగి కనిపిస్తుంది. చుక్కలు మరీ దూరదూరంగా తీసుకుంటే మధ్యలో చుట్టు తిరిగిందో లేదో తెలియదు. ఒక అడుగుకి ఫేజ్ 180 డిగ్రీల కంటే తక్కువ మారేలా ఫ్రీక్వెన్సీని పెంచుతూ పోండి. 1 మిల్లీసెకను ఆలస్యం ఉంటుందనిపిస్తే 500 హెర్ట్జ్ కంటే చిన్న అడుగులు వేయాలి. నేనైతే 100 చొప్పున వేస్తాను. తెగిన చోట 360 కలుపుకుంటూ పోతే గీత మళ్లీ అతుక్కుంటుంది.

మూడో రకం వంకర గీత. మొదట నెమ్మదిగా, మధ్యలో వేగంగా, చివర్లో 90 దగ్గరికి చేరి అక్కడే ఉండిపోతుంది. అడ్డగీతను ఒక్కో గడికి పది రెట్లు పెరిగేలా వేసుకుంటే ఈ ఆకారం బాగా తెలుస్తుంది. ఇది ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసి చేసే పని. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్ తీసుకుని లో-పాస్ ఫిల్టర్ (తక్కువ ఫ్రీక్వెన్సీలను పోనిచ్చి ఎక్కువవాటిని తగ్గించేది) కట్టి చూడండి. కోత ఫ్రీక్వెన్సీ, అంటే ఆ తగ్గించడం మొదలయ్యే చోటు, 1592 హెర్ట్జ్. అక్కడ ఫేజ్ 45 డిగ్రీలు వెనక. పదో వంతు దగ్గర, అంటే 159 హెర్ట్జ్ దగ్గర, 5.7 మాత్రమే. రెట్టింపు దగ్గర 63.4. పది రెట్ల దగ్గర 84.3. లెక్క కట్టాలంటే, ఫ్రీక్వెన్సీని కోత ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేది ఆ కోణానికి టాంజెంట్.

ఇవే అంకెల్ని ఆలస్యంగా మార్చి చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది. 159 దగ్గర 99.7 మైక్రోసెకన్లు. 1592 దగ్గర 78.5. 15,915 దగ్గర 14.7. డిగ్రీలు పెరుగుతున్నాయి, ఆలస్యం తగ్గుతోంది! రెసిస్టర్‌నీ కెపాసిటర్‌నీ గుణిస్తే సరిగ్గా 100 మైక్రోసెకన్లు వస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఈ ఫిల్టర్ అచ్చం 100 మైక్రోసెకన్ల డిలేలాగే ప్రవర్తిస్తుంది. పైకి వెళ్లేకొద్దీ ఆ పోలిక చెదిరిపోతుంది. "ఫేజ్ ఎక్కువ కాబట్టి ఆలస్యం ఎక్కువ" అని ఎవరైనా అంటే ఈ మూడు అంకెలూ చూపించండి.

చదరపు తరంగాన్ని ఈ ఫిల్టర్‌లోంచి పంపితే మూలలు ఎందుకు అరిగిపోతాయో కూడా సగం ఇందులోనే ఉంది. 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగంలో 1, 3, 5 కిలోహెర్ట్జ్ ఇలా బేసి సైన్ తరంగాలు దాగి ఉంటాయి. మొత్తాన్ని 0.1 మిల్లీసెకను ఆలస్యం చేస్తే వాటి ఫేజులు 36, 108, 180 అవుతాయి, ఆకారం చెక్కు చెదరదు. డిగ్రీలు ఫ్రీక్వెన్సీతో పాటే పెరిగాయి కాబట్టి అన్నీ కలిసే జరిగాయి. ఫిల్టర్‌లో అలా పెరగవు, పైగా ఎత్తు కూడా తగ్గుతుంది, ఆకారం మారిపోతుంది. చదరపు తరంగానికి "ఫేజ్ ఇంత" అని ఒకే అంకె రాసినవాళ్లు మొదటి సైన్ గురించే మాట్లాడుతున్నారని అర్థం చేసుకోండి.

ఇదంతా రాయడానికి ఆ పాత నోట్‌బుక్ మళ్లీ తీసినప్పుడు, 62 ఉన్న పేజీకి ముందు పేజీ తిప్పాను. అక్కడ సర్క్యూట్ బొమ్మ ఉంది: 10 కిలోఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్, లో-పాస్. 62 డిగ్రీల టాంజెంట్ 1.88. దాన్ని 1592తో గుణిస్తే 2994. నా కన్ను ఒక డిగ్రీ అటూ ఇటూ పడి ఉంటే 2870కీ 3120కీ మధ్య ఎక్కడైనా కావచ్చు, కానీ జనరేటర్ నాబ్‌ని గుండ్రటి అంకె మీద కాకుండా ఇంకెక్కడ పెడతాను. సున్నా చుట్టిన ఆ అంకె పక్కన పెన్సిల్‌తో "3 కిలోహెర్ట్జ్?" అని రాశాను. ప్రశ్నార్థకం తీసేయలేదు, ఎందుకంటే ఆ కెపాసిటర్ నిజంగా 0.01 ఉందో లేదో ఆ రోజు కొలిచినట్టు ఎక్కడా లేదు.